పదకొండు పొరల సున్నం

గీత గీయడం నాకు వచ్చు. లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు గీయడం మాత్రం చేతకాదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. ఆ పట్టుదల వల్ల ఒకసారి నేను పడ్డ అవస్థ చెబుదామనే ఈ మాటతో మొదలుపెట్టాను.

నా పేరు బదరీనారాయణ. మాది హిందూపురం, మా ఇంట్లో అందరిదీ బట్టల వ్యాపారం. గుడ్డ కొలవమని మా నాయన చేతికి గజం బద్ద ఇస్తే, నేను దాన్ని గోడకు ఆనించి ఇంటి నక్షా గీసేవాణ్ణి. "వీనికి బేరం రాదు, గీతలే వచ్చేది" అని విసుక్కుని ఆయన నన్ను మద్రాసులో డ్రాయింగు నేర్చుకోమని పంపాడు. అక్కడే ఒక గ్యాసు కంపెనీలో ఉద్యోగం దొరికింది. 1963 వేసవిలో ఆ కంపెనీ నన్ను పామిడి దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న తన పాత ఫ్యాక్టరీకి పంపింది.

ఆ ఫ్యాక్టరీలో జరిగే పని చెప్పడానికి సులువే. కార్బైడు రాళ్లను నీళ్లలో వేస్తే గ్యాసు పుడుతుంది. దాన్ని సిలిండర్లలో నింపి వెల్డింగు పనులకు రైలు మీద పంపిస్తారు. 1936లో ఒక దొర ఈ ఫ్యాక్టరీ కట్టించి, గుడ్డ మీద సిరాతో దాని నక్షా గీయించాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్లలో గొట్టాలు మారాయి, వాల్వులు మారాయి, దొర కూడా మారాడు. నక్షా ఒక్కటే మారలేదు. లైసెన్సు మళ్లీ ఇవ్వాలంటే ఇప్పుడున్నది ఉన్నట్టు చూపించే కొత్త నక్షా కావాలని ఇన్‌స్పెక్టరు పట్టుబట్టాడు. నాకిచ్చిన ఆర్డరులో ఇంకో ముక్క కూడా ఉంది. అనుమతి లేకుండా ఎవరైనా గొట్టం వేసి ఉంటే దాన్ని కోసేసి మూత బిగించాలి. వేసినవాడి పేరు రాసి పంపాలి.

గేటు దాటగానే నాకు ఒళ్లు మండింది. ఫ్యాక్టరీ అంతా తెల్లగా ఉంది. గోడలు తెలుపు, తొట్లు తెలుపు, మెట్లు తెలుపు, గొట్టాలన్నీ తెలుపు. నీళ్ల గొట్టానికి ఒక రంగు, గ్యాసు గొట్టానికి ఒక రంగు ఉండాలని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. ఇక్కడ ఏది నీళ్లో ఏది గ్యాసో చేత్తో తడిమి తెలుసుకోవాల్సిందే.

కారణం సున్నం. కార్బైడులోంచి గ్యాసు పోయాక తొట్టి అడుగున తెల్లటి సున్నం మిగులుతుంది. దాన్ని వెనకాల గుంతలో పోస్తారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బండ్లు కట్టుకొచ్చి ఇళ్లకు వేసుకోవడానికి తోడుకుపోతారు. ఉగాది ముందు ఫ్యాక్టరీ మనుషులు కూడా తమ ఇళ్లకు వేసినట్టే ఫ్యాక్టరీకీ వేస్తారు. మొదట్లో గోడలకే వేసేవారట. కుంచె చేతిలో ఉన్నవాడు గోడ దగ్గర ఎందుకు ఆగుతాడు?

"ఏమన్నా ఇది? గొట్టాలకు సున్నం కొట్టేది నేను యాడా చూడలేదు" అన్నాను పీరాసాబ్‌తో. అతను అక్కడ ఫిట్టరు. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు కూలీగా వచ్చి, పని నేర్చుకుని, ఇప్పుడు మరో నాలుగు నెలల్లో రిటైరు కాబోతున్నాడు. నాకు గొట్టాలు చూపించే పని మేనేజరు అతనికే అప్పగించాడు.

"పండగ గదా సారూ. గోడ కొత్తగుడ్డ కట్టుకొంటే గొట్టం పాతగుడ్డతో ఉంటాదా?" అన్నాడు పీరాసాబ్.

కోపంలోనే ఒక గొట్టాన్ని కత్తితో గీరాను. గోరంత మందంగా సున్నం పెళ్ల ఊడొచ్చింది. దాని అంచు చూస్తే ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా ఉంది. పొరకూ పొరకూ మధ్య వెంట్రుకంత బూడిదరంగు గీత. అది ఏడాది పొడవునా పడిన కార్బైడు దుమ్ము. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. ఇరవై ఏడు పొరలు, ఇరవై ఏడు ఉగాదులు. నా కోపం ఎటుపోయిందో తెలియదు. నక్షా చెప్పలేనిది ఆ పెళ్ల చెబుతోంది.

ఆ రోజు నుంచి అదే నా పద్ధతి అయింది. ప్రతి గొట్టం మీదా ఒక పెళ్ల ఊడదీసి పొరలు లెక్కపెట్టేవాణ్ణి. పద్నాలుగు ఉంటే 1949లో వేసినది. ఆరు ఉంటే 1957లో వేసినది. సంవత్సరం చెప్పగానే పీరాసాబ్ నన్ను ఎగాదిగా చూసి, "నిజమే సారూ, మా రెండోవానికి సున్తీ చేసిన ఏడు" అనేవాడు. మొదట అతనికి అది వినోదంగా ఉండేది. నిండు సిలిండర్లు పెట్టే షెడ్డు వైపు పని జరిగేకొద్దీ నవ్వడం తగ్గించాడు. నేను పట్టించుకోలేదు.

ఫ్యాక్టరీ ప్రహరీ వెనక ముప్పై ఇళ్ల ఊరుంది. దాన్ని కొట్టాలు అంటారు. అక్కడ నల్లమ్మ అనే ఒంటరి ముసలావిడ ఇంటి వసారాలో నేను దిగాను. సంగటి, పచ్చిమిరపకాయల ఊరిమిండి పచ్చడి పెట్టేది. తిండికి లోటు లేదు గానీ, స్నానానికి మాత్రం రెండు బిందెల నీళ్లే. ప్రహరీని ఆనుకుని ఒక కొళాయి ఉండేది. దాని పక్కన బండ మీద పీరాసాబ్ భార్య మేరాజ్ బీ కూర్చునేది. ఆమె నడుము ఎప్పుడో పడిపోయింది. లేచి నడవలేదు. పొద్దున్నే కోడలు తెచ్చి కూర్చోబెడితే, ఎండ ఎక్కేదాకా కూర్చుని ఇంటికి రెండు బిందెల చొప్పున లెక్కగా వదిలేది. ఆమె మాట దాటి కొళాయి తిప్పే మనిషి ఆ ఊళ్లో లేడు.

"ఈ కొళాయి ఎవరు వేసినారు?" అని నల్లమ్మను మొదటిరోజే అడిగాను.

"పంచాయతీ వాళ్లు నాయనా" అంది. ఊళ్లో ఎవరిని అడిగినా అదే మాట. నేను నమ్మాను.

మూడో బిందె కోసం ఒకసారి నేనే మేరాజ్ బీ దగ్గరికి వెళ్లాను. నక్షా నకళ్లు తీయడం ఎలా అంటే, మందు పూసిన కాగితం మీద నక్షా పరిచి ఎండలో పెట్టి, తర్వాత నీళ్లలో కడగాలి. అప్పుడు కాగితం నీలంగా మారి గీతలు తెల్లగా తేలతాయి. ఎండాకాలం కదా, ఫ్యాక్టరీ లోపలి కొళాయిలకు మేనేజరు తాళాలు వేయించాడు. కార్బైడు తొట్టి నీళ్లతో కడిగితే వాటిలోని సున్నం నీలాన్ని తినేసింది. కాగితం పాచి పట్టినట్టు తయారైంది. చిన్న మచ్చ పడినా నకలు చించి పారేసే రకం నేను. అందుకే మంచినీళ్ల కోసం వెళ్లాను.

"కాగితానికి నీళ్లా?" అంది మేరాజ్ బీ నన్ను కిందినుంచి పైదాకా చూసి. "ఏమప్పా, మనుషులకే రెండు బిందెలిస్తాండా. నీ కాగితం దప్పికతో సస్తాందా?"

"ఒక్క బిందె అమ్మా."

"మా పీరాసాబుకైనా రెండే. పో నాయనా, నీ వెనక నలుగురుండారు."

ఆడవాళ్లంతా నవ్వారు. ఖాళీ బిందెతో తిరిగొచ్చాను.

పన్నెండో రోజు సిలిండర్ల షెడ్డు వెనక పనిచేస్తున్నాను. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి ట్యాంకు నుంచి ఒక పెద్ద నీళ్ల గొట్టం అక్కడిదాకా వస్తుంది. దాన్లోంచి ఒక కొమ్మ చీలి గోడ అడుగునే పోతోంది. పాత నక్షాలో ఆ కొమ్మ లేదు. అలవాటుగా పెళ్ల ఊడదీసి చూశాను. మందం 1936 నాటి గొట్టాల మీద ఉన్నంతే ఉంది. పైన పదకొండు పొరలు, మధ్యమధ్య బూడిద గీతలు సరిగ్గా ఉన్నాయి. పదకొండో పొర కింద మాత్రం గీతే లేదు. అడుగుదాకా ఒకటే ముద్ద సున్నం.

అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. 1952లో ఎవరో ఈ గొట్టం వేశారు. కొత్తదని తెలియకుండా పదహారు ఉగాదుల సున్నాన్ని ఒక్క పూటలో దిట్టంగా పులిమారు. మందం చూసుకున్నారు గానీ దుమ్ము సంగతి మరిచిపోయారు.

తలెత్తి చూస్తే పీరాసాబ్ రెంచి కింద పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఇది ఎక్కడికి పోతాందన్నా?" అన్నాను. అతను రెంచి తీసుకుని పక్కకు తప్పుకున్నాడు. గొట్టం వెంట నడిచాను. అది ప్రహరీలోకి దూరిపోయింది. గేటు దాటి, ప్రహరీ చుట్టూ తిరిగి అవతలి పక్కకు వెళ్లాను. అక్కడ బండ మీద మేరాజ్ బీ కూర్చుని ఉంది. ఆమె పక్కన కొళాయి. పన్నెండు రోజులుగా నేను స్నానం చేస్తున్న నీళ్లు అవే. ప్రతి గొట్టం ఎక్కడ పుట్టిందో కనుక్కునే ఉద్యోగం నాది. నా బిందెలో పడే నీళ్లు ఎక్కడివో ఒక్కరోజూ అనుమానించలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతో కోపమూ వచ్చింది.

తిరిగొచ్చేసరికి పీరాసాబ్ సున్నపు గుంత గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఊరంతా కలిసి నాకు పంచాయతీ కొళాయి అని చెప్పినారే!" అన్నాను.

"చెప్పమన్నది నేనే సారూ" అన్నాడు నిదానంగా. "యాభై రెండులో కరువు. పెన్నలో సుక్క లేదు. ఆడోళ్లు ఇసకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకునేవాళ్లు. ఆ పక్కనే మన ఫ్యాక్టరీ బావి. మన పంపు తోడేకొద్దీ చెలమ లోతుకు పోయింది. రెండు నిలువుల లోతు. ఒక పొద్దున ఇసక ఇరిగి మీద పడింది. మా మేరాజ్‌ను లాగినాము. నడుము పోయినాది, పానం ఉండాది. కింద ఇంకొక పిల్ల ఉన్నింది. నల్లమ్మ కూతురు. దాన్ని తీసేసరికి అయిపోయింది."

నల్లమ్మ పన్నెండు రోజులు నాకు అన్నం పెట్టింది. కూతురి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"ఆ పంపు నడిపేది నేనే సారూ" అన్నాడు పీరాసాబ్. "నీళ్లు లోతుకు పోయింది నా చేతి మీదనే. అందుకే నా చేత్తోనే గొట్టమేసినా. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తే తీసెయ్‌మను. పేరు రాయాల్నంటే రాసుకో. ఆ కొళాయి మాత్రం నక్షాలో గీయొద్దు. దండం పెడతా."

గీయకపోతే ఏమవుతుంది? కింద నా సంతకం ఉన్న నక్షా అబద్ధమవుతుంది. సరే, నా పరువు పోతే పోయిందనుకుందాం. పీరాసాబ్ నాలుగు నెలల్లో వెళ్లిపోతాడు. తర్వాత వచ్చే ఫిట్టరుకు ఈ గొట్టం కథ తెలియదు. నక్షాలో లేని గొట్టం కనబడితే ఏం చేయాలో ఆర్డరులోనే ఉంది. ఏదో ఒక రోజు ఎవడో ఒకడు కోసేస్తాడు. గీస్తే మద్రాసువాళ్లు వచ్చే నెలే కోయిస్తారు. ఎటు చూసినా ఆ ఆడవాళ్లు మళ్లీ ఇసకలోకి దిగాల్సిందే. ఆ రోజు నేను ఒక్క గీత కూడా గీయలేదు. సిరా బుడ్డి మూత తీయడం, పెట్టడంతోనే సరిపోయింది.

మర్నాడు మేనేజరు కేశవులు గదికి వెళ్లి లైసెన్సు నిబంధనల పుస్తకం అడిగాను. ఆయన భయస్తుడు. ఏ కాగితం అడిగినా ముందు కళ్లద్దాలు తుడుచుకునేవాడు. నేను మొదటి పుట నుంచి చదువుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి నలభై ఒకటో నిబంధన దగ్గర ఆగిపోయాను. దాన్ని ఇంకా మరిచిపోలేదు. నిండు సిలిండర్ల షెడ్డుకు ప్రహరీ బయట ఒక నిప్పు కొళాయి ఉండాలి, ఎందుకంటే లోపల అంటుకుంటే గేటులోంచి రావడం కుదరదు. గొట్టం రెండంగుళాలకు తగ్గకూడదు. నీళ్లు వస్తున్నదీ లేనిదీ రోజూ తిప్పి చూడాలి. ఇన్‌స్పెక్టరు రాసి ఇచ్చిన అనుమతి లేకుండా ఎవరూ తీయకూడదు.

ఫ్యాక్టరీకి అలాంటి కొళాయి ఉన్నట్టు పాత నక్షాలో లేదు. ఇరవై ఏడేళ్లుగా ఎవరూ అడగలేదు. నేను పరుగెత్తుకెళ్లి గొట్టం చుట్టూ టేపు చుట్టాను. సరిగ్గా రెండంగుళాల గొట్టమే. చివర కొళాయి ఒక్కటే చిన్నది.

"ఇంటి కొళాయికి ఇంత లావు గొట్టమెందుకేసినావన్నా?"

"ఆ పొద్దు స్టోరులో అదే దొరికింది సారూ" అన్నాడు పీరాసాబ్.

పీరాసాబ్‌నూ మేనేజరునూ కూర్చోబెట్టి నిబంధన చదివి వినిపించాను. పీరాసాబ్ ముఖం వెలగకపోగా ఇంకా ముడుచుకుంది. "వద్దు సారూ. ఈ ఫ్యాక్టరీ కిందుండేది మా నాయన చేను. కాగితం మీదికి ఎక్కినాకనే పోయినాది. ఈ కొళాయి పదకొండేండ్లు బతికిందంటే యా కాగితంలోనూ లేదు గాబట్టే."

"కాగితంలో లేనిదానికి దిక్కెవరన్నా? నువ్వుండావు, ఇంకో నాలుగు నెలలు. ఆ తర్వాత?" అన్నాను. గట్టిగానే అన్నాను. "ఇన్‌స్పెక్టరు సంతకం పెడితే మద్రాసు కంపెనీవాళ్లు కూడా దాన్ని ముట్టేదానికి లేదు. కానీ ఒక మాట. అది నిజంగా నిప్పు కొళాయి అయితేనే నేను ఆ పేరు రాస్తా. నిప్పు ఆర్పే గుడ్డ గొట్టం తగిలించే మూతి చెయ్యి. నీళ్లు షెడ్డు పైకప్పు దాకా ఎగరాల. ఎగరకపోతే గీయను."

పీరాసాబ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత లేచి పనిముట్ల పెట్టె తెచ్చుకోవడానికి వెళ్లాడు.

మిగిలింది వేసినవాడి పేరు. ఆర్డరు ప్రకారం అది రాయాలి. నేను నసుగుతుంటే కేశవులు కళ్లద్దాలు తీశాడు. ఈసారి తుడవలేదు. "గొట్టం నా స్టోరులోది. ఆ దినం నేను కిటికీలోంచి చూస్తానే ఉన్నా. వద్దనలేదు. మేనేజరు వద్దనలేదంటే అనుమతి ఇచ్చినట్టే గదప్పా" అన్నాడు. నా చేతిలోంచి కాగితం లాక్కుని, 1952లో తన నోటిమాట మీద వేసిన గొట్టమని రాసి సంతకం చేశాడు. అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

నాలుగు రోజుల తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, నవ్వడు. నా నక్షా పట్టుకుని ఒక్కో గొట్టం వెంటా నడిచాడు. ప్రహరీ బయటికి వచ్చి, "నిప్పు కొళాయి, నంబరు నాలుగు" అని చదివి, "విప్పండి" అన్నాడు. పీరాసాబ్ గొట్టం తగిలించి తిప్పాడు. నీళ్లు ప్రహరీ మీదుగా లేచి షెడ్డు రేకుల మీద దడదడా పడ్డాయి. ఊరంతా చూస్తోంది. మేరాజ్ బీ ఒక్కతే తల బాదుకుంది. "యా అల్లా! ఎన్ని బిందెలో, ఎన్ని బిందెలో! సాలు, ఆపండి!"

"ఎవరామె?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నీళ్లు వస్తున్నదీ లేనిదీ రోజూ తిప్పి చూసే మనిషండి" అన్నాను. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

ఆయన ఆ బండ వైపు, వరుసగా పెట్టిన బిందెల వైపు కొంచెం సేపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. నక్షా మీద అక్కడే సంతకం పెట్టి ముద్ర వేశాడు. సాయంత్రం బండికి వెళ్లేలోపు తనకో నకలు కావాలన్నాడు.

మళ్లీ నీళ్ల సమస్య. కాగితాన్ని ఎండలో పెట్టి, నకలు కడిగే తొట్టె, ఖాళీ బిందె పట్టుకుని మేరాజ్ బీ దగ్గరికి వెళ్లాను. తిడుతుందని సిద్ధపడే వెళ్లాను. అప్పటికి నా రెండు బిందెలూ పొద్దున్నే అయిపోయాయి.

పీరాసాబ్ ముందే చెప్పి ఉంటాడు. ఆమె వెంటనే కొళాయి తిప్పింది. మూడో బిందె నిండింది. "సాలునా? ఇంకొకటి కావాల్నా అప్పా?" అంది. వరుసలో ఉన్న నల్లమ్మ తన బిందె కూడా తెచ్చి తొట్టెలో వంచింది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

కాగితం నీళ్లలో పెట్టి ఆడించాను. నీలం ముదిరింది. అందులోంచి ఫ్యాక్టరీ గొట్టాలన్నీ ఒక్కొక్కటే తెల్లగా బయటపడ్డాయి, ఉగాదికి సున్నం కొట్టినట్టు. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు.

"మన కొళాయి యాడుండాది ఇందులో?" అంది మేరాజ్ బీ.

చూపించాను. ఆమె వంగలేదు కాబట్టి తడి కాగితాన్ని ఆమె ఒళ్లో పరిచాను. ప్రహరీ దాటి బయటికి వచ్చిన ఆ చిన్న తెల్లగీత మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది, అది ఎక్కడికీ పోకుండా. ఆకువక్క నమిలే మనిషి, వేలికి తమలపాకు సున్నం ఉంది. వేలు తీసేసరికి ఆ సున్నం నీలాన్ని తినేసింది. కొళాయి గుర్తు పక్కనే ఆమె వేలిముద్ర తెల్లగా పడింది.

"అయ్యో, పాడు చేసినానా?" అంది భయంగా.

ఇంకో నకలు తీయడానికి ఎండ ఉంది, నీళ్లూ ఉన్నాయి. నేను తీయలేదు. దాన్నే ఆరబెట్టి, చుట్టి, తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాను.